క్యా బనారే? : కోఠి గుజరాతీ గల్లీ నుంచి నజ్రాన్ దాకా

మహాసభల సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని అమెరికాలో ఉన్న నా బాల్యమిత్రుడు ఫోన్ చేసినప్పుడు నాకు నవ్వొచ్చింది. "ఒరేయ్, నేను ఐటీఐ చదివినోణ్ణి. చరిత్ర నేనేం రాస్తా?" అన్నాను. "కాకతీయుల గురించి, కుతుబ్‌షాహీల గురించి రాసేవాళ్ళు మాకు బోలెడు మంది ఉన్నారు. గుజరాతీ గల్లీ గురించి రాసేవాడే దొరకట్లేదు. నువ్వు రాయి" అన్నాడు. అలా ఈ నాలుగు మాటలు నజ్రాన్ నుంచి మీ ముందుకు వస్తున్నాయి.

నజ్రాన్ అంటే సౌదీ అరేబియాకు దక్షిణపు కొసన, యెమెన్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. రియాద్ నుంచి రోడ్డు మీద తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకే. చుట్టూ బోడి కొండలు, మధ్యలో వాది, దాని ఒడ్డున ఖర్జూరపు తోటలు, ఆ తోటల్లో పాతకాలపు మట్టి మేడలు. నేను 1994లో ఇక్కడికి మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా వచ్చాను. ముప్పై ఏళ్ళు దాటినా, నాకు పని నేర్పిన బడి మాత్రం ఇక్కడిది కాదు, ఐటీఐ కూడా కాదు. హైదరాబాదులో కోఠి బ్యాంక్ స్ట్రీట్ పక్కనున్న ఒక ఇరుకు సందు.

గల్లీ పుట్టిన చోటు

కోఠి అంటే అసలు బ్రిటిష్ రెసిడెంటు గారి కోఠీయే. ఆ భవనంలో తర్వాత ఉమెన్స్ కాలేజీ వెలసింది. రెసిడెన్సీ చుట్టూ ఏర్పడిన బజార్లు చాలాకాలం నిజాం అధికారం కింద కాక ఇంగ్లీషువారి అజమాయిషీలో ఉండేవి. 1933లో వాటిని నిజాంకు తిరిగి అప్పగించాక సుల్తాన్ బజార్ అనే పేరు స్థిరపడింది. ఉత్తరాది నుంచి, గుజరాత్ నుంచి, మార్వాడ్ నుంచి వచ్చిన వర్తకులు ఈ బజార్లలోనే ఎక్కువగా కుదురుకున్నారు. గుజరాతీ గల్లీ అన్న పేరులోనే ఆ కథ ఉంది.

హైదరాబాదుకు రేడియో పిచ్చి కూడా పాతదే. 1930లలోనే ఇక్కడ దక్కన్ రేడియో మోగింది. 1967లో ఈసీఐఎల్ పుట్టింది, 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది, 1982లో ఢిల్లీ ఏషియాడ్ పుణ్యమా అని కలర్ టీవీ వచ్చింది. ఒక్కో అల వచ్చినప్పుడల్లా దాని తాలూకు నురగ వచ్చి ఈ సందులో ఆగేది. మొదట వాల్వులు, తర్వాత బెల్ కంపెనీ ఏసీ 127, ఏసీ 128 ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాత ఎస్‌ఎల్ 100, బీసీ 547, 555 టైమర్లు, టీవీ వాళ్ళ కోసం లైన్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు. ఊరంతా చదివేది దినపత్రిక అయితే మేం చదివేది 1969 నుంచి వస్తున్న 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు'. పాత సంచికలు కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికేవి. అందులో సర్క్యూట్ చూసుకుని, అక్కడి నుంచి పది అడుగులు నడిచి గల్లీలోకి వెళ్ళి దాని సామాను కొనుక్కోవడం, ఇదీ మా తీర్థయాత్ర.

మొదటిసారి వెళ్ళింది 1984లో. నేను, పైన చెప్పిన మిత్రుడు, ఇద్దరం పదో తరగతి పరీక్షలు రాసి జగిత్యాల నుంచి బస్సెక్కాం. అప్పుడు బస్సులు గౌలిగూడ బస్టాండుకు వెళ్ళేవి. పెద్ద ఇనుప గుడారంలా ఉండే ఆ మిసిసిపీ హ్యాంగర్ 2018లో కూలిపోయిందని పేపర్లో చూసి ఇద్దరం ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. అక్కడి నుంచి కోఠికి నడిచి వెళ్ళొచ్చు.

దుకాణం అంటే ఏమిటి? అయిదడుగుల వెడల్పు, లోపలికి పోయే కొద్దీ చీకటి. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. కౌంటర్ వెనక తెల్ల లాల్చీ వేసుకున్న గుజరాతీ సేట్. నేను పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్న చీటీ చేతికిచ్చాను. ఆయన చీటీ చూడలేదు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "క్యా బనారే?" అన్నాడు.

హైదరాబాదీలకు వేరే చెప్పక్కర్లేదు. 'ఏం తయారు చేస్తున్నావ్?' అని. "రేడియో" అన్నాను గొంతు పెగుల్చుకుని. అప్పుడు చీటీ చూశాడు. ఒక ట్రాన్సిస్టర్ కొట్టేసి, "ఇది దొరకదు, దొరికినా నీకెందుకు అంత ఖరీదుది, దీని బదులు ఇది పెట్టు" అని వేరేది తీశాడు. దాని మీద ఎర్ర చుక్క చూపించి, చుక్క ఉన్న వైపు కలెక్టర్ అన్నాడు. "టంకం పెట్టేటప్పుడు కాలు పట్టకారుతో పట్టుకో, వేడి లోపలికి పోకూడదు. అయినా మొదటిది కాలుస్తావు. రెండు తీసుకుపో" అన్నాడు. ఆయన చెప్పినట్టే మొదటిది కాలింది. రెండో దానితో వివిధభారతి పలికింది.

రెసిస్టర్లు పైసల్లో, ట్రాన్సిస్టర్లు ఒకటి రెండు రూపాయల్లో వచ్చే రోజులు. మా ఇద్దరి వ్యాపారం కలిపి ఆయనకు పదిహేను రూపాయలు కూడా మిగలలేదు. పావుగంట మాత్రం మాకే ఇచ్చాడు. ఆ పావుగంటకు వెల కట్టే పద్ధతి ఆ వ్యాపారంలో లేదు. తర్వాత ఆ వ్యాపారం దెబ్బతినడానికి ఇదీ ఒక కారణమని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

సౌదీ నుంచి దిగిన టేపురికార్డర్లు

ఐటీఐలో రేడియో అండ్ టీవీ మెకానిక్ ట్రేడు పూర్తి చేసి 1986లో నేను జగిత్యాలలో ఒక రిపేరు షాపులో చేరాను. మా కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి అప్పటికే వేలమంది గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. సెలవు మీద వచ్చే ప్రతి మనిషి భుజాన ఒక టూ ఇన్ వన్ ఉండేది. ఆ టూ ఇన్ వన్లే మా షాపుకు అన్నం పెట్టాయి. ఎలాగంటారా?

సౌదీలో ఇళ్ళ కరెంటు చాలా చోట్ల 127 వోల్టులు ఉండేది. రెండు ఫేజుల మధ్య తీసుకుంటే 220. అంటే ఒకే ఇంట్లో ఏసీకి ఒక రకం ప్లగ్గు, టేపురికార్డర్‌కు మరో రకం. మనవాళ్ళు దాన్ని 'వన్ టెన్' అనేవారు. (2010లో అక్కడి ప్రభుత్వం అంతటినీ మెల్లగా 230కి మార్చాలని నిర్ణయించింది.) వన్ టెన్ మీద మూడేళ్ళు పాడిన టేపురికార్డర్‌ను తెచ్చి, ఊరంతా చూస్తుండగా మన 230 వోల్టులలో పెడితే ఏమవుతుంది? ఒక్క చిటపట, కాస్త పొగ. వెనక వోల్టేజి మీట ఉంటే బతికేది. లేనివన్నీ మరునాడు పొద్దున మా షాపు మెట్ల మీద ఉండేవి.

అందులో ట్రాన్స్‌ఫార్మర్ మాడేది, రెగ్యులేటర్ పోయేది, 2ఎస్‌సీ అనో 2ఎస్‌ఏ అనో మొదలయ్యే జపాన్ నంబర్ల ట్రాన్సిస్టర్లు పోయేవి. అవి మన దేశంలో ఎక్కడ దొరకాలి? వాటిని మూట కట్టుకుని నెలకోసారి గుజరాతీ గల్లీకి వెళ్ళేవాణ్ణి. సేట్ దగ్గర 'టవర్స్ ట్రాన్సిస్టర్ సెలెక్టర్' అనే పుస్తకం ఉండేది, అట్టలు ఊడి, అంచులు నల్లబడి. ఏ నంబరు బదులు ఏది పెట్టవచ్చో అందులో ఉంటుంది. ఆయన దాన్ని చాలా అరుదుగా తెరిచేవాడు. చాలావరకు నోటికొచ్చు.

ఒకసారి ఒక విచిత్రమైన కేసు వచ్చింది. రియాద్ నుంచి తెచ్చిన గడియారం రేడియో. స్టెప్‌డౌన్ పెట్టే వాడుతున్నారు, పాట బాగానే వస్తుంది, గడియారం మాత్రం వెనకబడుతోంది. కొంచెం కాదు, గంటకు పది నిమిషాలు. ఆ ఇంటి పెద్దాయన "సౌదీ టైము చూపిస్తున్నట్టుంది పిలగా" అని నవ్వాడు. నాకు అంతు చిక్కలేదు. కోఠికి మోసుకుపోయాను. సేట్ మూత కూడా విప్పలేదు. "అక్కడి కరెంటు సెకనుకు అరవై సార్లు ఊగుతుంది, మనది యాభై సార్లు. ఈ గడియారం ఊపులు లెక్కపెడుతుంది. అరవై ఊపులైతేనే దానికి ఒక సెకను" అన్నాడు. అరవై నిమిషాల్లో యాభై నిమిషాలే నడుస్తుందన్నమాట! గడియారం చిప్పుకు యాభయ్యో అరవయ్యో చెప్పే ఒక కాలు ఉంటుంది, దాన్ని వేరే చోట కలపమన్నాడు. కలిపాను, నడిచింది. ఆ ఒక్క మాటలో నేను నేర్చుకున్న విద్యుత్తు పాఠం ఐటీఐ రెండేళ్ళలో నేర్చుకోలేదు. దానికి ఆయన తీసుకున్నది సున్నా. నేను కొన్నది రూపాయిన్నర ఫ్యూజు.

దుకాణమే లేని ఊరు

1994లో నేనే సౌదీకి వచ్చాను. పంపులు, జనరేటర్ల ప్యానెళ్ళు, ఏసీలు బాగుచేసే పని. వచ్చిన మొదటి వారంలోనే ఒక కంట్రోల్ కార్డు మీద రిలే నడిపే ట్రాన్సిస్టర్ పోయింది. ఊళ్ళో కొంటానని బయల్దేరి బలద్ అంతా తిరిగాను. నజ్రాన్ బజారులో వెండి పిడుల జంబియా కత్తులున్నాయి, మట్టి కుండలున్నాయి, తోలు సంచులున్నాయి, టీవీలూ టేపురికార్డర్లూ ఉన్నాయి. ట్రాన్సిస్టర్ మాత్రం లేదు. దుకాణదారులు మంచివాళ్ళే. "కొత్త కార్డు రియాద్ నుంచి తెప్పిస్తాం" అనేవారు. కార్డు ఎనిమిది వందల రియాళ్ళు, ట్రాన్సిస్టర్ మన లెక్కలో రెండు రూపాయలు.

అప్పటి నుంచి నా సొంత గల్లీ ఒకటి నడిపాను. ఒక రేకు బిస్కెట్ డబ్బా, అందులో అగ్గిపెట్టెలు, వాటి మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు. సరుకు మూడు దారుల్లో వచ్చేది. ఒకటి, తుక్కులో పడేసిన బోర్డుల నుంచి ఊడబీకింది. రెండు, రెండేళ్ళకోసారి సెలవుకు వెళ్ళినప్పుడు కోఠి నుంచి తెచ్చుకున్నది. మూడు, సెలవుకు వెళ్ళే వాళ్ళకు చీటీ ఇచ్చి తెప్పించుకున్నది. అప్పట్లో సౌదీలో వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు (2013లో శుక్ర, శనివారాలకు మారింది). బుధవారం రాత్రి బస్సెక్కి రియాద్ వెళ్ళి, పాత సామాను అమ్మే హరాజ్‌లో చచ్చిన టీవీలు కొనుక్కుని శనివారం తెల్లారేసరికి డ్యూటీలో ఉన్న రోజులున్నాయి.

చీటీ పట్టుకెళ్ళిన వాళ్ళు ఒక సంగతి చెప్పేవారు. "అన్నా, ఆ సేట్ చీటీ చూసి, మీ అన్న ఏం తయారు చేస్తుండని అడిగిండు. నాకేం తెలుసు? తెల్వదన్నా. అడిగి రమ్మన్నడు." ఒకతను నిజంగానే ఎస్‌టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేశాడు! నా జవాబు విన్నాక సేట్ చీటీలో లేనివి ఇంకో రెండు కలిపి పంపాడు. ఆ రెండే చివరికి పనికొచ్చాయి.

అమెరికాలో అదే కథ

మా మిత్రుడు వరంగల్ ఆర్‌ఈసీలో చదివి 1991లో టెక్సాస్ చేరాడు. అక్కడి నుంచి రాసిన తొలి ఉత్తరంలోనే "ఇక్కడ గుజరాతీ గల్లీ ప్రతి ఊళ్ళో ఉందిరా, పేరు రేడియో షాక్" అని రాశాడు. మీలో చాలామందికి ఆ ఎర్ర బోర్డు గుర్తుండే ఉంటుంది. 1921లో బోస్టన్‌లో ఇద్దరు అన్నదమ్ములు హామ్ రేడియో వాళ్ళ కోసం తెరిచిన కొట్టు అది. 1963లో చార్లెస్ టాండీ దాన్ని కొని, ఫోర్ట్ వర్త్ కేంద్రంగా దేశమంతా పరిచాడు. గోడకు వేలాడే ప్యాకెట్లలో రెసిస్టర్లు, వెనక సొరుగుల్లో ఐసీలు. 1977లో టీఆర్‌ఎస్-80 కంప్యూటర్ అమ్మింది కూడా వాళ్ళే. మిషిగన్‌లోని హీత్‌కిట్ అయితే రేడియో నుంచి కలర్ టీవీ దాకా విడి భాగాలుగా పెట్టెలో పెట్టి పంపేది, ఇంట్లో కూర్చుని బిగించుకోవాలి. అది 1992లో కిట్ల తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది.

రేడియో షాక్ క్రమంగా సెల్‌ఫోన్ల దుకాణమైంది. విడిభాగాలు గోడ దిగి, సొరుగుల్లోకి పోయి, ఆ సొరుగులు ఒక మూలకు చేరాయి. 2015 ఫిబ్రవరిలో దివాలా పిటిషను వేసింది, 2017లో మళ్ళీ వేసింది. కాలిఫోర్నియాలో మన ఐటీ పిల్లలందరికీ తెలిసిన ఫ్రైస్ 1985లో మొదలై 2021 ఫిబ్రవరిలో తలుపులు మూసేసింది. ఇంగ్లండులో మాప్లిన్ 2018లో, ఆస్ట్రేలియాలో డిక్ స్మిత్ దుకాణాలు 2016లో మూతపడ్డాయి. అంటే ఇది కోఠి కథో, నజ్రాన్ కథో కాదు. లోకమంతటా ఒకే కాలంలో జరిగిన కథ.

ఎందుకిలా?

కారణాలు దాచిపెట్టినవేం కావు. మొదటిది, వస్తువు చవకైంది. రేడియో ఖరీదు నెల జీతమంత ఉన్నప్పుడు సొంతంగా చేసుకుంటే లాభం, బాగుచేయించుకుంటే లాభం. రేడియో రెండొందలకు దొరికే రోజున రిపేరు కూలీయే అంతవుతుంది. రెండోది, భాగాలు చిన్నవయ్యాయి. కాళ్ళున్న ట్రాన్సిస్టర్ పోయి, బోర్డు మీదే అతికే నువ్వుగింజంత ముక్కలు వచ్చాయి. వాటిని పట్టుకోవడానికి భూతద్దం కావాలి. ఇరవై భాగాలు చేసే పని ఒకే చిప్పు చేస్తోంది. ఆ చిప్పు పోతే దాన్ని మరోచోట కొనలేం. మూడోది, కొట్టు అద్దె. పది పైసల రెసిస్టర్ అమ్మి కోఠిలో అద్దె కట్టలేరు. అదే సొరుగు స్థానంలో ఫోను కవర్లు వేలాడదీస్తే గంటలో అద్దె వస్తుంది.

నాలుగోది, టపా వ్యాపారం. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ప్రపంచానికంతా విడిభాగాలు పంపే డిజి-కీ కంపెనీ ఎక్కడుందో తెలుసా? మిన్నెసోటా రాష్ట్రంలో థీఫ్ రివర్ ఫాల్స్ అనే, పదివేల జనం కూడా లేని చిన్న ఊళ్ళో. 1972లో ఒక హామ్ రేడియో అభిరుచిపరుడు తాను రూపొందించిన మోర్స్ కీయర్ కిట్ అమ్మడంతో మొదలైంది. 1964లో పుట్టిన మౌసర్‌ను మొదలుపెట్టింది ఒక ఫిజిక్స్ మాస్టారు. అంటే కొట్టును మింగినవాడు పరాయివాడు కాడు, కౌంటర్ ముందు నిలబడిన పిల్లవాడే.

న్యాయంగా చెప్పాలంటే నాలాంటి వాడికి ఆ మార్పు మేలే చేసింది. నజ్రాన్‌లో కూర్చుని ఇవాళ నేను ఏ ట్రాన్సిస్టరైనా తెప్పించుకోగలను. రెండు మూడు వారాలు ఆగాలి, ఒక్కోసారి నకిలీ వస్తుంది, అంతే. దొరకడం అనే సమస్య తీరింది. ఇన్ని దొరుకుతున్నా ఏం పోయిందో తెలియడానికి నాకు రెండు అనుభవాలు కావాల్సి వచ్చాయి.

2015 ఎండాకాలం

2015 మార్చిలో యెమెన్ యుద్ధం మొదలైంది. మే నెలలో ఫిరంగి గుళ్ళు నజ్రాన్‌లో పడ్డాయి. బళ్ళు మూశారు, విమానాలు ఆగిపోయాయి. ఆ విమానాశ్రయం మళ్ళీ తెరుచుకోవడానికి ఏళ్ళు పట్టింది. సరుకు రావడం ఆలస్యమైంది. ఆ ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం మనవాళ్ళు ఉండే క్యాంపు నుంచి ఒక కుర్రవాడు పరుగెత్తుకొచ్చాడు. కరెంటు ఎగిరిపడి వాళ్ళ గది ఏసీ ఆగిపోయింది. బయట నలభై డిగ్రీలు. గదిలో ఎనిమిది మంది, జగిత్యాల, ఆర్మూరు, సిరిసిల్ల వాళ్ళు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకోవాల్సిన వాళ్ళు. అందులో బీపీ ఉన్న ఒక పెద్దాయన నేల మీద తడిగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. ఊళ్ళో ఏసీ షాపువాళ్ళు చూసి, బోర్డు మార్చాలి, జిద్దా నుంచి రావాలి, ఇప్పుడున్న పరిస్థితిలో రెండు వారాలు కావచ్చన్నారట.

బోర్డు విప్పి చూశాను. ఫ్యూజు పోయింది, దాని పక్కన వెరిస్టర్ పగిలింది, 7812 అనే పన్నెండు వోల్టుల రెగ్యులేటర్ చచ్చింది. బిస్కెట్ డబ్బా తెరిచాను. 7812 అని రాసిన అగ్గిపెట్టెలో నాలుగున్నాయి, 1997లో సెలవుకు వెళ్ళినప్పుడు కొన్నవి. నేనడిగింది రెండే. సేట్ నాలుగిచ్చి, "మీ దగ్గర కరెంటు ఎట్లా ఉంటదో ఏమో, ఉంచుకో" అన్నాడు. వెరిస్టర్ ఒక పాత ఫోటోకాపీ యంత్రం బోర్డులోంచి పీకాను. సాయంత్రం అయిదింటికి ఏసీ నడిచింది. పెద్దాయన లేచి కూర్చుని నా చేయి పట్టుకుని ఏదో అనబోయి ఏడ్చాడు. ఆ చేయి పట్టుకోవాల్సింది నాది కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట కోఠిలో అడగని రెండు ముక్కలు కలిపి ఇచ్చిన మనిషిది.

ఆ మరుసటి ఏడాది, 2016లో, సౌదీలో మొబైల్ ఫోన్ల అమ్మకం, రిపేరు దుకాణాల్లో సౌదీ దేశస్థులే పనిచేయాలనే నిబంధన వచ్చింది. జూన్ నాటికి సగం మంది, సెప్టెంబరు నాటికి అందరూ. వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలకు పని కావాలి, అందులో నేను తప్పు పట్టను. కానీ చిన్న బల్ల, సోల్డరింగ్ ఐరన్, భూతద్దం పెట్టుకుని బతికిన మనవాళ్ళు, యెమెనీలు, బంగ్లాదేశీయులు ఎందరో సర్దుకుని వెళ్ళిపోయారు. నజ్రాన్‌లో నాకు తెలిసిన ముగ్గురు తమ డబ్బాలు నాకిచ్చి వెళ్ళారు. ఒక డబ్బా మీద తెలుగులో 'మంచివి' అని రాసి ఉంది, ఇంకోదాని మీద 'అనుమానం'.

నేను అడగని ప్రశ్న

రెండో అనుభవం నా ఇంటిది. మా అబ్బాయి హైదరాబాదులో ఈసీఈ చదివాడు. 2013లో ఫైనలియర్ ప్రాజెక్టుకు డబ్బు కావాలన్నాడు, ఎనిమిది వేలు పంపాను. సెలవుకు వెళ్ళినప్పుడు చూపించమన్నాను. అద్దాల పెట్టెలో పెట్టిన బోర్డు తెచ్చాడు, బాగా పనిచేస్తోంది. "ఈ రెసిస్టర్ ఎందుకురా?" అన్నాను. వాడు తలదించుకున్నాడు. రెడీమేడ్‌గా కొన్నదట. తరగతిలో చాలామంది అంతేనట. నాకు చాలా కోపం వచ్చింది, అరిచాను. వాడు ఒకే మాట అన్నాడు: "నాన్నా, మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ మార్కులెన్ని అని అడిగారు. ఏం చేస్తున్నావని ఎప్పుడూ అడగలేదు."

నిజమే. ముక్కూ మొహం తెలియని పదహారేళ్ళ పిల్లవాణ్ణి కోఠి సేట్ అడిగిన ప్రశ్న, నా కొడుకును నేను ఒక్కసారీ అడగలేదు. నెలనెలా డబ్బు పంపాను. అడిగింది అడిగినట్టు ఇచ్చాను. ఇప్పటి ఆన్‌లైన్ దుకాణం చేసే పనీ అదే కదా. నంబరు అడుగుతుంది, ఎన్ని కావాలంటుంది, డబ్బు తీసుకుంటుంది. ఏం తయారు చేస్తున్నావని అడగదు.

మళ్ళీ గల్లీలో

2023లో సెలవుకు వెళ్ళినప్పుడు మెట్రోలో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగాను. గల్లీ ఉంది. ఎవరైనా అంతా పోయిందని చెబితే నమ్మకండి. సగానికి పైగా సీసీ కెమెరాలు, ఎల్‌ఈడీ పట్టీలు, చార్జర్లు. మిగతాచోట్ల ఇంజనీరింగ్ పిల్లల కోసం ఆర్డునో బోర్డులు, సెన్సర్లు, చిన్న మోటార్లు. 2005లో ఇటలీలో ఉపాధ్యాయులు విద్యార్థుల కోసం మొదలుపెట్టిన ఆర్డునో, 2012లో ఇంగ్లండులో పుట్టిన రాస్ప్‌బెర్రీ పై, ఈ రెండూ లేకపోతే ఈ కాస్త దీపం కూడా ఆరిపోయేదేమో. అదే ఏడాది మార్చిలో హైదరాబాదులో టీ-వర్క్స్ తెరిచారు, వస్తువుల నమూనాలు తయారు చేసుకోవడానికి యంత్రాలన్నీ ఒకచోట పెట్టిన పెద్ద కార్ఖానా. మంచిదే. కానీ పదో తరగతి పిల్లవాడు పదిహేను రూపాయలతో వెళ్ళి నిలబడే చోటు వేరు.

మా సేట్ పోయి చాలాకాలమైంది. మనవడు కూర్చున్నాడు, చేతిలో ఫోను. "అంకుల్, నంబర్ చెప్పండి" అన్నాడు. మర్యాదస్థుడే, పని మీద ఉన్నాడు. వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. నా పక్కన ఒక అమ్మాయి ఫోనులో ఫోటో చూపించి ఏదో సెన్సర్ తీసుకుంటోంది. నా నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. "ఏం తయారు చేస్తున్నావమ్మా?"

ఆ పిల్ల ముందు అనుమానంగా చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మమ్మకు చెవులు సరిగా వినపడవట. తలుపు కొడితే తెలియదట. ఎవరైనా గంట నొక్కితే మంచం పక్కన దీపం వెలిగేలా చేస్తోందట. పది నిమిషాలు చెప్పింది. మనవడు ఫోను పక్కన పెట్టి విన్నాడు. చివర్లో "ఆ సెన్సర్ వద్దు, దానికి మామూలు రిలే చాలు" అని ఒక సొరుగు లాగాడు. తాత పోలిక ఉంది.

మిత్రుడు రాయమన్న చరిత్ర ఇంతే. కొట్లు మూతపడ్డాయని నేను బాధపడటం లేదు, కొట్లు పుడతాయి, పోతాయి. కౌంటర్ అవతల కూర్చున్న మనిషి ఇవతల నిలబడ్డ పిల్లను అడిగే ఆ ఒక్క ప్రశ్న పోకూడదు. అది అడగడానికి అద్దె కట్టక్కర్లేదు. ఈ మహాసభలకు పిల్లలతో, మనవలతో వచ్చిన వాళ్ళు ఎందరో ఉన్నారు. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పిల్లవాణ్ణి ఏ కాలేజీ, ఎంత ప్యాకేజీ అని అడిగే ముందు ఒకసారి ఇది అడిగి చూడండి. జవాబు వినడానికి పది నిమిషాలు పట్టొచ్చు, కాస్త ఓపిక చేసుకోండి.

మా అబ్బాయి ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, మీ డబ్బాలో 7812 ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

మూడున్నాయి.